బాలయ్య చెప్పిన నది

1994 వేసవి. నారాయణగూడలో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో నేను ట్రేసర్‌ని. ఇంజనీరు పెన్సిల్‌తో గీసిన ప్లాను మీద ట్రేసింగ్ ఫిల్మ్ పరిచి, ఇంకుతో ఎత్తి గీయడం ట్రేసర్ పని. నేను చదివింది పదో తరగతే. మిగతాదంతా చిక్కడపల్లి లైబ్రరీలో సాయంత్రాలు కూర్చుని సంపాదించుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ని.

అశోక్‌నగర్‌లో మా సైట్ వాచ్‌మన్ బాలయ్యది మహబూబ్‌నగర్ వైపు పల్లె. ఒకప్పుడు తమ్ముడితో కలిసి హిమాలయాల్లో ఒక డ్యామ్ పనికి వెళ్లాడు. అక్కడ కొండచరియ విరిగి లేబర్ క్యాంపు మీద పడి తమ్ముడు పోయాడు. అక్కడే నది పక్క చదును నేలలో పూడ్చి, పైన రాళ్లు పేర్చి వచ్చారు. తర్వాత ఇక్కడ స్లాబు సెంట్రింగ్ చెక్కల మీంచి పడి బాలయ్య కాలు విరిగింది.

"మా ఊరి మేస్త్రీ ఆ దిక్కు కూలోళ్లను తీస్కపోతుండు సారూ. మా అవ్వ గూడ పోతనంటుంది, కొడుకును పెట్టిన జాగ చూస్తదంట. నాకు కాలు నడవది. మేస్త్రీకి ఆ లోయ తెల్వది. జర నక్ష గీసియ్యుండ్రి."

లైబ్రరీలో ఆ ప్రాంతపు పాత గెజిటియర్ ఉంది. అందులోని పటం చూసి మూడు సాయంత్రాలు గీశాను. నదిని దాటమని బాణం గుర్తు వేశాను. బాలయ్య ఆ బాణం మీద వేలు పెట్టాడు.

"నది దాటద్దు సారూ. దాటితే మా అవ్వకు దొరకడు."

"ఆ చదును నేల నదికి అవతల ఉంది బాలయ్యా. పుస్తకంలో ఉంది. నువ్వే మర్చిపోయుంటావు."

"తమ్ముణ్ని పెట్టిన జాగ మరుస్తనా? మీ పుస్తకం కొండ కూలకముందుది గావచ్చు. కొండ సగం నదిల పడ్డది. నది ఆగి చెరువు లెక్క నిండింది. నెలకు తెగింది. నీళ్లు తీసినంకనే మావోడు దొరికిండు. తెగిన నది పాత తొవ్వల పోలే, ఇగో, ఇట్ల కోసుకుంట పోయింది. అవతలి పొలాలు ఇవతలికొచ్చినయ్."

మర్నాడు గెజిటియర్ మళ్లీ తెరిచాను. పటం మూలన చిన్న అక్షరాల్లో సర్వే చేసిన సంవత్సరం ఉంది. అది నేను పుట్టకముందుది. పుస్తకమంతా చదివి, ఆ ఒక్కటీ చదవలేదు.

ఫిల్మ్ మీద గీత తప్పితే సగానికి విరిచిన బ్లేడుతో గీకేస్తాం. అది రోజూ ఉండే పనే. ఒక నదిని మొత్తం గీకడం అప్పుడే. బాలయ్య వేలు నడిచిన చోటల్లా కొత్త నది గీశాను. అవ్వకు చదువు రాదు గనక అక్షరాలు రాయలేదు. కూలిన కొండకు బోడి మచ్చ, కొడుకుకు రాళ్ల కుప్ప బొమ్మ. ప్రింటు తీసి బాలయ్యకిచ్చి, ఫిల్మ్ నా దగ్గరే ఉంచాను.

వానలు వెళ్లాక అవ్వను వెంటబెట్టుకుని బాలయ్య ఆఫీసుకు వచ్చాడు. ఆమె కొంగుముడి విప్పి నక్ష బల్ల మీద పెట్టింది.

"దొరికిండు సారూ. రాళ్లు కదల్లే. గాని నది ఇంకా ఆగుతలేదు. వానకొక్కసారి గట్టు కోస్తదంట. రాళ్లకు ఇంక ఇరవై అడుగులుంటదేమో. మల్ల పోయేనాటికి నక్ష మల్ల గీయాలె."

"ఈసారి లైబ్రరీకి పోకుండ్రి సారూ. మా అవ్వనడుగుండ్రి," అన్నాడు బాలయ్య.

అప్పట్నుంచి ఏ పటం చేతికొచ్చినా ముందు సర్వే సంవత్సరం చూస్తాను. ఆ తర్వాత అక్కడ నడిచినవాళ్లు దొరుకుతారేమో చూస్తాను.

ఆ రోజే ఫిల్మ్ బయటికి తీశాను. ఆ స్కేల్లో ఇరవై అడుగులంటే పెన్ను గీత మందం కూడా ఉండదు. అవ్వ చెప్పినట్టు గీస్తే నది రాళ్ల కుప్పను తాకుతుంది. ఆమె బల్ల పక్కనే నిలబడి చూస్తోంది. పెన్నులో ఇంకు నింపి, ఆమె చెప్పినట్టే గీశాను.