కథానాయికను నేను మూడుసార్లు చంపాను

బయోడేటాలో ‘వచ్చిన భాషలు’ అన్నచోట తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాశాక కాస్త ఖాళీ మిగిలింది. ఊరికే ఉండలేక జర్మన్ అని కూడా రాశాను. ఎనభైల్లో అమెరికాలో, నోవై అనే ఊళ్లో కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. జర్మన్ డ్రాయింగులు రోజూ చూస్తూనే ఉండేవాణ్ణి. చూడడం వేరు, చదవడం వేరు అని అప్పుడు తోచలేదు.

అది చూసిన అమ్మాయి తండ్రి డాక్టరుగారు పెళ్లిచూపులకి ఇంటికి పిలవలేదు, ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీకి రమ్మన్నారు. ఏదో నవల ఆధారంగా తీసిన పాత జర్మన్ సాహస చిత్రం అక్కడ వేస్తున్నారట. మూకీ సినిమా. మధ్యమధ్య తెరమీద వచ్చే రాతలన్నీ జర్మన్‌లోనే.

“ఆంటీకి నువ్వు ఎక్స్‌ప్లెయిన్ చేద్దువుగాని,” అన్నారు, వాళ్లావిడ గురించి. జర్మన్ రాదని అప్పుడైనా చెప్పాల్సింది. వాళ్లమ్మాయి ఫొటో చూసినప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఈ సంబంధం తప్పిపోతే నన్ను నేను క్షమించుకోలేను.

ఆంటీ ఒక పక్క, అమ్మాయి మరో పక్క కూర్చున్నారు. మొదటి రాతలో నాకు తెలిసిన మాట ఒక్కటే కనిపించింది. డి, ఐ, ఇ. డై.

“హీరోయిన్ చచ్చిపోతుందండీ,” అన్నాను.

“అయ్యో, అప్పుడేనా,” అన్నారు ఆంటీ. అంతలో ఆ హీరోయిన్ గుర్రమెక్కి వచ్చేసింది.

“ఈవిడ చెల్లెలండీ. డబుల్ యాక్షన్.”

మన సినిమాలు చూసిన మనిషి గనక ఆంటీ వెంటనే ఒప్పుకున్నారు. మళ్లీ డై వచ్చింది, చెల్లెల్నీ చంపాను. ఈసారి ఓడలో ప్రత్యక్షమైంది. అక్క కూతురన్నాను, తల్లి పోలికన్నాను. మూడో డైకి ఆంటీ కళ్లొత్తుకుని, “ఆ ఇంటికేదో శాపం ఉంది బాబూ,” అన్నారు. ఇటుపక్క అమ్మాయి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందనుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

బయట పార్కింగ్‌లో డాక్టరుగారు కారు మీద మంచు దులుపుతుంటే, ఆమె నా దగ్గరికొచ్చి మెల్లిగా అంది. “నేను కాలేజ్‌లో జర్మన్ తీసుకున్నా, టూ ఇయర్స్. అది డై కాదు, డీ. ఇంగ్లీష్‌లో ‘ద’ ఉంది కదా, జస్ట్ దట్.”

సిగ్గుతో చచ్చిపోయాను. సంబంధం పోయిందనే అనుకున్నాను.

“ఏమ్మా, అబ్బాయి జర్మన్ ఎలా ఉంది?” అంటూ డాక్టరుగారు వచ్చారు.

ఆమె నాకేసి ఒకసారి చూసింది.

“వెరీ గుడ్ డాడీ. మా ప్రొఫెసర్‌కి కూడా అంత రాదు.”