ఒకేలా ఉన్న మూడు మరకలు

నిన్న పొద్దున నా ఫోను, ఒకేలాంటి ఫొటోలు మూడున్నాయి, రెండు తీసేయమంటారా అని అడిగింది. యాభై దాటిన ఈ వయసులో కూడా గుండె గుభేలుమంది. అలాంటి నిర్వాకమే ఒకప్పుడు నేను స్వహస్తాలతో వెలగబెట్టాను మరి.

అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో చేరి, ఇంకా ప్రొబేషన్లో ఉన్నాను. ఖగోళ పరిశోధన చేసే ఒక మేడమ్ గారి టెలిస్కోపు బొమ్మల్ని శుభ్రం చేసివ్వడం నా పని. విశ్వం పసితనంలో పుట్టి, ధూళి కప్పేసిన మసక గెలాక్సీల కోసం ఆవిడ వెతికేవారు. దారిలో అడ్డొచ్చిన మరో పెద్ద గెలాక్సీ తన బరువుతో ఆ వెలుగును వంచి భూతద్దంలా పెద్దది చేస్తేనే అవి కనబడతాయట, అదీ ఒక్కోసారి రెండు మూడు చోట్ల. ఈ చివరి ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. జాబితాలో ఒకే పేరు మూడుసార్లుంటే రెండు కొట్టేయడం మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య కదా! ఒకే మరక మూడు చోట్ల కనిపించగానే రెండు చెరిపేసి, అసలు ఫైలు మీదే సేవ్ చేసేశాను.

మర్నాడు మధ్యాహ్నం మేడమ్ వచ్చి, తెర చూసి కొయ్యబారిపోయారు. పెద్ద టెలిస్కోపులో సమయం కోరుతూ పెట్టే దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటికే గడువు. ఆ మూడు మరకలే సాక్ష్యం, లేదంటే రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు. తప్పు మెషీను మీదికి నెట్టేద్దామనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. చివరికి ఒప్పుకున్నాను. ఆవిడ తిట్టలేదు, దాంతో భయం ఇంకా పెరిగింది. అసలు సీడీ కూకట్‌పల్లిలో తన ఇంట్లో ఉందని మాత్రం అన్నారు.

నా స్కూటరు మీద ఇద్దరం పరుగెత్తాం. బీరువాలో సీడీ లేదు. ఆవిడ అత్తగారు నింపాదిగా బాల్కనీ చూపించి, "పావురాలు చంపుకు తింటున్నాయే అమ్మాయ్, మెరుపుకి బెదురుతాయని ఆ పాత బిళ్ళలు కట్టాను" అన్నారు. పురికొసకు నాలుగు సీడీలు రెట్టలు పడి, దుమ్ముకొట్టుకుని వేలాడుతున్నాయి. మీద రాసిన పేర్లు ఎండకు ఎప్పుడో చెరిగిపోయాయి. నాలుగూ కడిగి, చొక్కాతో తుడిచి వెనక్కి పరుగు.

ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అన్న, "జర సంతకం పెట్టి పో తమ్మీ, ఏంది గింత పరేషానైతున్నవ్?" అని ఆపితే ఏడుపొచ్చినంత పనైంది. మొదటి మూడింటిలో మాకు కావలసింది లేదు. నాలుగోది గిరగిరా తిరిగి తిరిగి, ఐదుకు పది నిమిషాలుందనగా తెరుచుకుంది. మూడు మరకలూ ఉన్నాయి.

దరఖాస్తు వెళ్ళాక మేడమ్ కుర్చీలో కూలబడి, "అవి నకళ్ళు కావు బాబూ, ఒకే వెలుగు మూడు దారుల్లో, మూడు వేర్వేరు వేళలకు వచ్చి చేరింది" అన్నారు.

ఇప్పుడు పావురాలకు సీడీలెవరు కడతారు? బాల్కనీలన్నిటికీ వలలే. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కూడా ఫోనే చెబుతోంది. అది రెండు తీసేస్తానన్న ఆ మూడూ, పోయినేడు కన్నుమూసిన మా ఆవిడ ఫొటోలు. మొదటిదాంట్లో నవ్వబోతోంది, రెండోదాంట్లో నవ్వుతోంది, మూడోదాంట్లో ఇక చాల్లెండి అన్నట్టు చూపు తిప్పుకుంది. ఒకేలా ఉన్నాయట! మూడూ ఉండనీ అని నొక్కి, చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.