కాళ్ళకు నీళ్ళు

గని పడ్డాక తండాలో ఇళ్ళు రెట్టింపయ్యాయి, బోరు మాత్రం ఒక్కటే. మండల మీటింగులో సర్పంచ్ చాంది కొంగు నడుముకు బిగించి లేస్తుంది. "ఇంకో బోరియ్యున్రి సారూ!" కసిరినా కూర్చోదు. చివరికి చూసిపోదామని ఇంజనీరు వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళకు నీళ్ళివ్వకపోతే ఎట్లా? ఇంట్లో బిందె ఖాళీ. ఇరుగుపొరుగును తలా చెంబెడు అడిగి తెచ్చి, బకెట్ నింపి పెట్టింది. ఆయన కాళ్ళూ మొహమూ కడుక్కుని, మిగిలినవి వాకిట్లో కుమ్మరించాడు.

"ఇన్ని నీళ్ళుండగా ఇంకో బోరెందుకమ్మా?"

అడిగి తెచ్చినవని అతిథితో చెప్పడానికి నోరు రాలేదు. "అవ్ సార్" అంది. జీపు వెళ్ళిపోయింది. పసిబిడ్డకని దాచిన చెంబెడూ ఇచ్చిన పక్కింటి పుష్ప గడపలో నిలబడి చూస్తోంది. ఏ మీటింగులోనూ కూర్చోని చాంది, ఆ తడి మట్టిలోనే కూలబడింది.