జేమ్స్ వీధిలో మా నాయన తొట్టి

మా నాయన రాళ్లు కొట్టేవాడు. సికింద్రాబాద్ జేమ్స్ వీధిలో జట్కా గుర్రాలకు నీళ్లు పెట్టే రాతి తొట్టి తానే చేశాననీ, దాని మీద తన పేరుందనీ బతికినన్నాళ్లూ చెప్పాడు. మా తమ్ముడు రాజరత్నం నమ్మలేదు. "నాయినకు సంతకం సుత రాకపాయె. పేరెట్ల చెక్కిండే అక్కా?" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నాకూ చదువు లేదు గనుక వెళ్లి చదివి తేల్చుకునే దారి లేకపోయింది. అందుకే అరవై నాలుగో ఏట చర్చిలో పెట్టిన పెద్దల బడిలో చేరాను. బైబిలు చదవడానికే చేరానని పాస్టరమ్మ మురిసిపోయింది. నేనామె సంతోషం చెడగొట్టలేదు.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేసరికి మోకాళ్లు పోయేలా ఉన్నాయి. ఇక ఆగకూడదని, తమ్ముడికి చెప్పి, మొన్న మంగళవారం ఎనిమిదిన్నరకు బొల్లారంలో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరమ్మ కార్డులో ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇది నువ్వేనా అమ్మా?" అంది.

"తీసినోణ్ని అడుగు బిడ్డా" అన్నాను.

పక్క సీటావిడ ఎక్కడికని అడిగింది. రోడ్డు చూడటానికన్నాను. "రోడ్డు చూడనీకి బస్సెక్కినవా? మరి కిటికీల కెల్లి కనవడేదేందమ్మా?" అని ఆమె నవ్వింది. కార్ఖానా దగ్గర ట్రాఫిక్ ఆగి, ఆ ఒక్క రోడ్డు ముక్కనే ఇరవై నిమిషాలు చూశాం.

తొమ్మిదిన్నరకు ప్యాట్నీలో దిగి ప్యారడైజ్ దాకా నడిచాను. జేమ్స్ వీధి అక్కడ మొదలై రాణిగంజ్ దాకా పోతుంది. ఎవరో దొర పేరట అది. తరవాత మహాత్మాగాంధీ రోడ్డన్నారు. ఇప్పుడు ఎం.జి. రోడ్డంటారు, పాపం మహాత్ముడికి రెండక్షరాలే మిగిల్చారు. రైలు స్టేషన్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదేమో, ఇంకా జేమ్స్ స్ట్రీట్‌గానే ఉంది. గడియారమున్న పాత పోలీస్ స్టేషన్ రాతి పని చూద్దామని మెడ ఎత్తానో లేదో, వెనక నుంచి స్కూటరు అబ్బాయి "సడక్ నీదా అమ్మా?" అన్నాడు. గాంధీ విగ్రహం ఒక్కటే ఆ రోడ్డు మీద హారన్ కొట్టకుండా నిలబడి ఉంది.

జనరల్ బజార్ దగ్గర ఇరానీ చాయ్ తాగి, నలుగుర్ని అడిగి, ఒక సందు మొదట్లో తొట్టి పట్టుకున్నాను. గుర్రాలెప్పుడో పోయాయి. తొట్టి మీద చెక్క పలక వేసి, దాని మీద ప్యాంట్లు పేర్చి, పక్కనే మిషను కుడుతున్నాడు ఖాజా భాయ్ అనే ముసలి దర్జీ. సంగతి చెబితే ప్యాంట్లూ పలకా పక్కకు తీశాడు.

తొట్టి అంచు మీద ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. ఎవరో షావుకారు పేరు. ఆయన తండ్రి పేరు. ధర్మార్థం అని ఒక మాట. అంతే. రెండోసారీ చదివాను. మా నాయన పేరు రాయప్ప, అందులో లేదు. రాజరత్నమే గెలిచాడు. చదువు నేర్చుకుని నేను సంపాదించిందల్లా నాయన అబద్ధమాడాడన్న సంగతి!

"ఏమైందమ్మా, గట్ల కూసున్నవ్?"

"మా నాయిన పేరు లేదు భాయ్."

"అరే, పైన ఎందుకుంటది? పైన పైసలిచ్చినోని పేరు. కొట్టినోనిది కింద చూడాలె." అని ఒక ప్యాంటు నడుము తిప్పి, లోపల ఎర్ర దారంతో వేసిన మూడు కుట్లు చూపించాడు. "గిది నా నిశాన్. ఏ దర్జీ కుట్టిండో ఇంకో దర్జీకే ఎరుక. రాళ్లోళ్లకు సుత ఉంటది."

మోకాళ్లను తిట్టుకుంటూ తొట్టి పక్కన కిందికి వంగాను. నేలకు జానెడెత్తున, మూలన, మట్టి తుడిస్తే మూడు గీతలు. కోడికాలులా ఉన్నాయి. వాటిని చదవడానికి ఏ బడీ అక్కర్లేకపోయింది. మా ఇంటి రోలు నాయన కొట్టిందే, దాని అడుగునా అదే కోడికాలు. కడగడానికి బోర్లించినప్పుడల్లా చూసి, ఉలి జారిన గాటనుకుని యాభై ఏళ్లు దాని పక్కనే కూర్చుని పచ్చడి నూరాను.

చూడదలచినవాళ్లు పదకొండులోపు వెళ్లండి, తరవాత ప్యాంట్లు పెరుగుతాయి. షావుకారు పేరు చదవకపోయినా నష్టం లేదు.

ఒంటిగంట బస్సులో సీటు దొరికింది. తమ్ముడే ఫోన్ చేశాడు.

"కనవడ్డదా అక్కా నాయిన పేరు?"

"కనవడ్డది."

"నిజంగనా! ఏమని రాసుంది?"

"ఫోన్‌ల చెప్పరాదు. ఇంటికొచ్చి రోలు బోర్లించు, నువ్వే చదువుకో."