విందు ఎన్ని గంటలకు?

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి ఒక్క విద్య వచ్చినా చాలు, దానితో ఊరినే మార్చేయొచ్చన్న ధీమా ఉంటుంది. ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్య డీటీపీ. సిద్దిపేట బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో కూర్చుని పెళ్లి కార్డులు, దుకాణాల కరపత్రాలు కంపోజ్ చేసేదాన్ని. (నా చేతి మీదుగా ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో చెప్పలేను. నాది మాత్రం జరగలేదని మా అమ్మ రోజూ గుర్తుచేసేది.)

మా చర్చి ఒక చిన్న రేకుల హాలు. ఉన్నవి నలభై కుర్చీలు, వాటిలో సగం ఖాళీ. "గిట్లనే ఉంటే గజ్వేల్ సంఘంతోని కలిసిపోవుడే మంచిది" అని పెద్దలు అప్పటికే గొణగడం మొదలుపెట్టారు. అలా కలిస్తే మా అయ్యగారు (పాస్టరుగారిని మేమలాగే పిలుస్తాం) ఎటో వెళ్లిపోవాల్సి వస్తుంది. నాకది మింగుడుపడలేదు. నేను ఇంటర్ ఫెయిలైన రోజు మా బాపుకీ నాకూ మధ్య అడ్డంగా నిలబడి, నా వీపు కాపాడింది ఆయనే.

రానివాళ్లను రప్పించడానికి అయ్యగారు నెలనెలా నాలుగు పేజీల సంఘ పత్రిక వేసేవారు. చీమల బారుల్లాంటి అక్షరాలు, మొదటి నుంచి చివరి దాకా ఆయన ప్రసంగాలే. పంచిన పత్రికలు వారం తిరక్కుండానే మిర్చి బండి దగ్గర నూనె మరకలతో మాకే ఎదురయ్యేవి. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను.

"అయ్యగారూ, ఇట్ల వేస్తే ఎవరు సదువుతరు? ఒక్కసారి నాకియ్యున్రి, నేను చేస్త."

"నీ ఇష్టం బిడ్డా. బైబిలు వాక్యం ఒక్కటి ఉంచు, చాలు" అన్నారు పాపం.

నేను రెచ్చిపోయాను. షాపులో బాగా అమ్ముడుపోయే పెళ్లి కార్డు డిజైను ఒకటి తీసి, పేర్లు చెరిపేసి, దానిలోనే పత్రిక మొత్తం అమర్చాను. చుట్టూ బంగారు అంచు, మూలల్లో పావురాలు, పైన "మీ రాక మాకెంతో సంతోషం". లోపల అమ్మగారి (అంటే అయ్యగారి భార్య) చింతకాయ తొక్కు తయారీ, పాటల బృందం ఫోటో, ఓ మూలన వాక్యం. అయిదు వందలు అచ్చేయించి, కూరగాయల మార్కెట్లోనూ చేర్యాల బస్సులు ఆగే చోటా పంచాం.

ఆ ఆదివారం తొమ్మిదిన్నరకే కుర్చీలు నిండిపోయాయి. చాపలు పరిచాం, అవీ నిండాయి. గుమ్మం బయట కూడా జనం. అయ్యగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూసినవా బిడ్డా, ఎంతమంది వచ్చిన్రో!" అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను గానీ, లోపల మాత్రం కాళ్లు నేల మీద లేవు.

పాటలు అయిపోయి ప్రసంగం మొదలైంది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ (రాయపోల్ నుంచి వచ్చిందట) సంచిలోంచి జాకెట్ ముక్క తీసి, నా చెవిలో మెల్లగా అడిగింది.

"పెండ్లిపిల్ల ఏది బిడ్డా? ఇంక తయారైతలేదా?"

"పెండ్లి కాదవ్వా, ఇది ఆరాధన."

"మరి విందు అని రాసిన్రు గద! నా మనుమరాలు సదివి చెప్పింది."

ఆమె చేతిలోని పత్రిక లాక్కున్నంత పని చేసి చూశాను. చివరి పేజీ అడుగున, మెలికల అక్షరాల్లో: "విందు: మధ్యాహ్నం 12-30 గంటలకు. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన." పాత కార్డులోని ఆ వరుస చెరిపేయడం మరచిపోయాను. (ప్రూఫ్ మూడుసార్లు చూశాను. మూడుసార్లూ బంగారు అంచునే చూసుకుని మురిసిపోయాను.)

వెనక గదిలోకి పరుగెత్తి అమ్మగారికి పత్రిక చూపించి ఏడుపు లంకించుకున్నాను. ఆమె కోప్పడలేదు.

"ఎంతమంది ఉన్నరు?"

"నూట ఇరవై దాక ఉంటరమ్మా."

"ఏడుపు తర్వాత. వంటయ్యేదాక ప్రసంగం ఆపొద్దని అయ్యగారికి చెప్పు. ఆయనకు గది కష్టం కాదు."

చీటీ రాసి అందించాను. అప్పటికే రెండుసార్లు "చివరిగా" అనేసిన అయ్యగారు చీటీ చదివి, ఒక్క క్షణం నా వైపు చూసి, కళ్లద్దాలు సవరించుకున్నారు. "ప్రియులారా, ఇప్పుడు రెండో భాగానికి వద్దాం" అన్నారు. ఆయన జీవితంలో అంత పొడవైన ప్రసంగం లేదు. ఒక్కరు కూడా లేచి ఇంటికి వెళ్లని ప్రసంగం కూడా అదే.

పక్క ఇళ్ల నుంచి బియ్యం, ఆలుగడ్డలు, పెద్ద గిన్నెలు వచ్చాయి. బగారన్నం పొయ్యెక్కింది. మా అమ్మ కూర కలుపుతూ "నీ పెండ్లికి వండాల్సినదంతా ఇప్పుడే వండిపిస్తివి గదనే!" అని తిడుతూనే ఉంది. సంగతి తెలిసి రాయపోల్ అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. "జరుగు బిడ్డా, ఉల్లిగడ్డ కోసుడు గట్లనా?" అంటూ నా చేతిలోని కత్తి తీసుకుంది.

చివరికి అయ్యగారు దాచకుండా చెప్పేశారు. "పత్రికల విందు అని పడ్డది, అచ్చుల జరిగిన తప్పు. అన్నం మాత్రం నిజమే. అందరు కూసోండ్రి." హాలంతా గొల్లుమంది. ఒకటిన్నరకు వడ్డించాం.

మరుసటి ఆదివారం నూట ఇరవై మందీ మళ్లీ వచ్చారని రాయాలని ఉంది గానీ, కొత్తవాళ్లలో తిరిగొచ్చింది తొమ్మిది మందే. వాళ్లలో అవ్వ ఒకతి. "మొన్న కలిసి వండినోళ్లను చూసిపోదామని వచ్చిన" అంది. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు చూసిపోయింది. అప్పటి నుంచి నెలకోసారి తలా ఒక గిన్నె తెచ్చుకుని కలిసి తినడం అలవాటైంది. ఎవరు ఏం వండుతున్నారో పత్రికలో పేర్లతో సహా వేసేదాన్ని. జనం వాక్యం కంటే ముందు తమ పేరే వెతుక్కునేవారు. గజ్వేల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ప్రకటనల పని చేస్తున్నాను. అక్షరం బయటికి వెళ్లాలంటే ముగ్గురు సరిచూస్తారు. పని ఒత్తిడిలో ఎప్పుడైనా ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. అందరూ తిని వెళ్లాక, వంటగది మెట్టు మీద కూర్చుని గిన్నె అడుగున మిగిలిన మాడు గోక్కు తింటూ, ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే "ఏమైనా ఆ పావురాలు బాగా కుదిరాయి" అనుకున్న ఆ పిల్ల కనబడుతుంది. పిలిచి నాలుగు మంచి మాటలు చెబుదామనుకుంటాను. ఎందుకో మనసొప్పదు. నవ్వుకుని, అలాగే వదిలేస్తాను.