అధ్యయనం చేయబడును

మా కాలేజీ అడ్మిషన్ల పుస్తకంలో అన్ని పేజీలూ నేనే రాశాను. అందులో ఏడో పేజీ గురించి మాత్రమే ఇది రాస్తున్నాను.

జనగామలో మా డిగ్రీ కాలేజీలో నేను చదివిన గ్రూపులో చరిత్ర, రాజనీతి శాస్త్రం, తెలుగు సాహిత్యం ఉండేవి. చదువు పూర్తయిన వేసవిలో ప్రిన్సిపాల్ సార్ పిలిచి, అడ్మిషన్లు అయ్యేదాకా ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తావా అని అడిగారు. మా బచ్చన్నపేట నుంచి పొద్దున బస్సు ఎలాగూ అలవాటే. సరేనన్నాను. నాకు ఆఫీసు కన్నా దాని పక్కనున్న తెలుగు డిపార్ట్‌మెంటు గది మీద ఆశ. అందులో ఒక ఇనుప బీరువా నిండా పుస్తకాలు, ఒక ఫ్యాను, మా తెలుగు మేడం ఉండేవారు.

మేడంది డోర్నకల్. రైల్వేలో పనిచేసి రిటైరైన వాళ్ల నాయిన ఇప్పటికీ అక్కడే ఉంటారు. మేడం జనగామలో ఒక గది అద్దెకు తీసుకుని, శనివారం రైల్లో వెళ్లి సోమవారం వచ్చేవారు. పదకొండేళ్లుగా గెస్ట్ లెక్చరర్. అంటే ప్రతి ఏడూ గ్రూపు నిండితేనే మేడంకు పని. పదిహేను మంది చేరకపోతే ఆ గ్రూపును మూసేస్తారు. ఆ సంగతి మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. మేము పందొమ్మిది మందిమి. ఆ లెక్క విన్న రోజు మేడం అందరికీ సమోసాలు తెప్పించారు.

ఆ వేసవిలో యూనివర్సిటీ నుంచి మారిన సిలబస్ వచ్చింది. ఏ కోర్సులో ఏముంటుందో అంతా ఇంగ్లీషులో. ప్రిన్సిపాల్ సార్ ఆ కట్టను నా బల్ల మీద పెట్టారు.

"అమ్మా, గివన్నీ తెలుగుల రాయాలె. ఒక్కో కోర్సుకు ఒక్కో పేజీ. పిల్లలు చదివి ఆప్షను పెట్టుకోవాలె. పాత పుస్తకంల వివరాలు ఇగ పనికిరావు."

నేను తలూపాను. నాకు అంతకన్నా మాట్లాడడం రాదు.

కామర్స్ పేజీ ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. "కంప్యూటర్ మీద లెక్కలు రాయడం నేర్పుతాం. బ్యాంకు పరీక్షలకు పనికొస్తుంది. ఇంగ్లీషు రాకపోయినా భయం లేదు" అని రాశాను. సైన్సు గ్రూపులకు కూడా అలాగే, చేతికి వచ్చిన మాటలు రాసుకుంటూ పోయాను. వాటి మీద నాకు ప్రేమ లేదు కాబట్టి కష్టపడలేదు. ప్రేమ ఉన్న ఏడో పేజీని, మా తెలుగు గ్రూపుదాన్ని, చివరికి ఉంచుకున్నాను.

ఒక రోజు అన్నం డబ్బాలు విప్పుతుండగా మేడం పాత ప్రశ్నపత్రం వెనక ఏదో రాసి నా వైపు జరిపారు.

"మన పేజీకి నేనో నాలుగు ముక్కలు రాసిన. జర చూడు. నువ్వు గూడ గిట్లనే రాయి బిడ్డా. మీ అవ్వకు చదివి ఇనిపిస్తే ఆమెకు సమజ్ కావాలె. అప్పుడే పేజీ రాసినట్టు."

ఆ చీటీ ఇప్పటికీ నా డైరీలో ఉంది. అందులో ఇలా ఉంది:

"మీ అవ్వ నాట్లేసుకుంట పాడిన పాట, మీ బాపు కోపమొస్తే అనే మాట, పుస్తకంల ఉన్న పద్యం, అన్నీ ఒక్క తెలుగే. అది ఎట్లనో ఇక్కడ కూసోని చదువుతం. పద్యం రాదని భయపడొద్దు. నేర్పుతం."

చదివి, చీటీ మడిచి డైరీలో దాచాను. కాలేజీ పుస్తకంలో 'చదువుతం' అని వేస్తారా? 'కూసోని' అని అచ్చులో చూస్తే ఎవరేమంటారు?

ఈ భయానికి ఒక కారణం ఉంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు వ్యాసరచన పోటీలో గెలిచి, నా వ్యాసాన్ని హాలులో చదవాల్సి వచ్చింది. ఒక చోట "మేమందరం చెరువు కాడికి పోయినం" అని ఉంది. వేదిక మీద కూర్చున్న ఒక పెద్దాయన మైకు దగ్గరికి వంగి, "పోయినం కాదమ్మా, వెళ్ళాము. పోయినం అంటే ప్రాణాలు పోయాయేమో అనుకుంటాం" అన్నారు. హాలంతా నవ్వింది. మా ఊరి పిల్లలు కూడా నవ్వారు. ఇంటికి వచ్చి డైరీ తెరిచి, అప్పటిదాకా రాసుకున్న పేజీల్లో పోయినం, వచ్చినం, తిన్నం అన్నవాటి మీద ఒక్కొక్కటిగా గీత గీసి పైన దిద్దాను. ఆ తర్వాత ఇంట్లో తప్ప మరెక్కడా మా మాట మాట్లాడలేదు. మేడంతో కూడా పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేదాన్ని. మేడం మాత్రం క్లాసులో, బయట, స్టాఫ్ మీటింగులో అన్నిచోట్లా తన మాటే మాట్లాడేవారు. నాకు ఆమె అంటే ఎంత ఇష్టమో, ఆమె అలా మాట్లాడినప్పుడు ఇంకెవరైనా నవ్వుతారేమోనని అంత భయం.

ఏడో పేజీ నాలుగు రోజులు రాశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇది నిలిచింది:

"తెలుగు భాషా సాహిత్యముల ఉద్భవ వికాసములు, ఛందో వ్యాకరణ అలంకార శాస్త్రములు, ప్రాచీనాధునిక కవితా రీతులు, జానపద వాఙ్మయము సమగ్రముగా అధ్యయనం చేయబడును."

టైపు చేసి దూరం నుంచి చూసుకున్నాను. గర్వంగా అనిపించింది. మేడంను చూసి ఎవరూ నవ్వలేని పేజీ అది.

పుస్తకం అచ్చయి వచ్చాక మేడం ఆ పేజీని నిలబడే చదివారు.

"నా చీటీ?"

"స్థలం చాలలేదు మేడం" అన్నాను.

పేజీలో సగం తెల్లగా ఉంది. మేడం ఆ తెల్లటి భాగం మీద ఒకసారి చేయి పెట్టి, పుస్తకం మూసి, "మంచిగున్నది" అన్నారు.

అడ్మిషన్ల రోజుల్లో వరండాలో బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. ఇంటర్ పాసైన పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి పుస్తకం తిరగేసేవారు. మా ఆఫీసులో అటెండర్‌గా ఉన్న పెద్దాయన పుస్తకాలు పంచేవాడు. ఇంట్లో దక్నీ ఉర్దూ, కాలేజీలో తెలుగు మాట్లాడే మనిషి, మమ్మల్ని అందరినీ బేటీ అని పిలిచేవాడు. ఖాళీ దొరికినప్పుడు ఏడో పేజీని పైకి చదివి నవ్వాడు.

"అరే బేటీ, గిది నువ్వే రాసినవా? పెండ్లి నిఖాల ఖాజీ సాబ్ అరబ్బీ చదివినట్టున్నది. ఇననీకి మస్తుగుంటది, సమజ్ మాత్రం కాదు."

నేను నవ్వేశాను. ఆయనకు సాహిత్యం తెలియదులే అనుకున్నాను.

మూడో రోజు ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి చేతిలో సర్టిఫికెట్ల కవరు, కూతురి చేతిలో తల్లి చెప్పులు. ఒకటి తెగింది.

"ఏ బిడ్డా, మా పిల్లకు ఏది మంచిగుంటదో జర చెప్పరాదు" అంది తల్లి. "చదువు గంతంతే గని, పాటలైతే మస్తు పాడుతది. బతుకమ్మ నాడు మా వాడకట్టంత దీని ఎనకనే పాడుతరు."

"అమ్మా, ఊకో" అంది ఆ పిల్ల సిగ్గుపడి. ఆ సిగ్గు నాకు తెలిసిన సిగ్గే. పేజీలు తిప్పి ఏడో పేజీ దగ్గర ఆగింది. పెదవులు కదుపుతూ చదివింది. తల ఎత్తి అడిగింది.

"అక్కా, గిండ్ల ఏముంటది?"

నేను చెప్పాలి. మీ అమ్మ పాడే పాట ఉంటుంది, నువ్వు పాడేది ఉంటుంది, పక్క గదిలో ఒక మేడం ఉంది, వెళ్లి ఒక్క పాట పాడు, చాలు. ఇదంతా గొంతు దాకా వచ్చింది. కానీ దాన్ని పుస్తకం మాటల్లో ఎలా చెప్పాలో తోచలేదు, మా మాటల్లో చెప్పడానికి నోరు రాలేదు. ఆ పిల్ల చేతిలోని పుస్తకం తీసుకుని, నేను రాసిన వాక్యాన్నే పైకి చదివాను. "అధ్యయనం చేయబడును" దాకా చదివాను.

"ఎవరు చేస్తరట?" అంది తల్లి.

"ఏమిటండీ?" అన్నాను.

"గదే, ఏదో చేయబడును అంటున్నవు గద. ఎవరు చేస్తరు? పిల్లలేనా?"

ఆ పిల్ల నవ్వాపుకుంది. తల్లి తనే పేజీ వెనక్కి తిప్పింది. "గిది సదువు" అంది. చదివాను. "గిది మంచిగ సమజైతున్నది." అది కామర్స్ పేజీ. "ఇంగ్లీషు రాకపోయినా భయం లేదు" అన్న ముక్కను వేలితో చూపించి రెండుసార్లు చదివించుకుంది. ఆ పిల్ల కామర్స్‌కే ఆప్షన్ పెట్టింది. నేనే పెట్టించాను.

గడువు ముగిసేసరికి ఏడో పేజీకి వచ్చింది పన్నెండు మంది. ఆ పిల్ల చేరినా లెక్క సరిపోయేది కాదని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ బల్ల దగ్గర ఆ పేజీ దాకా వచ్చి పెదవులు కదిపి వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకు తెలుసు. నేను ప్రేమ లేకుండా రాసిన పేజీలన్నీ నిండాయి.

పన్నెండు మందినీ వేరే గ్రూపులోకి మార్చారు. మేడంకు ఆ ఏడాది పని లేదని కాగితం రాలేదు. గెస్ట్ లెక్చరర్లకు కాగితం రాదు. రమ్మని ఎవరూ పిలవరు, అంతే.

మేడం రేగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరారు. తెలుగుతో పాటు హిందీ కూడా చెప్పాలట. ముందు డోర్నకల్ వెళ్లి, నాయినను చూసి, అటు నుంచి వెళ్తానన్నారు. గది ఖాళీ చేసిన రోజు పుస్తకాల సంచులు మోయడానికి నేనూ, అటెండరు పెద్దాయనా స్టేషన్‌కు వెళ్ళాం. రైలు ఆలస్యం. బెంచీ మీద మేడం పక్కన కూర్చుని, చెప్పాలనుకున్నది మనసులో ఎన్నోసార్లు వాక్యంగా కూర్చుకున్నాను. కూర్చిన ప్రతిసారీ అది వ్యాసంలా తయారయింది.

చివరికి, "మేడం, స్థలం ఉండె" అన్నాను.

మేడం నా వైపు చూడలేదు. సంచి తాడు బిగిస్తూ, "చూసిన బిడ్డా" అన్నారు. ముడి వేసి, "తప్పులు మాత్రం ఒక్కటి గూడ లేకుండ రాసినవు" అన్నారు.

ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. క్లాసులో నా జవాబు పత్రం చేతికిస్తూ ఎలా అనేవారో, అలాగే అన్నారు.

ఈ వేసవిలో మళ్లీ కొన్ని కోర్సుల వివరాలు మారాయి. ప్రిన్సిపాల్ సార్ నన్నే పిలిచి, "అమ్మా, ఏడో పేజీ తీసెయ్. మిగతది అప్‌డేట్ చెయ్" అన్నారు. తీసేశాను. ఎనిమిదో పేజీ దానంతటదే ఏడు అయింది.

బడులు తెరిచిన వారం మేడం ఫోను చేశారు. స్కూలు విరామంలో ఉన్నట్టున్నారు, వెనక పిల్లల అరుపులు.

"ఎట్లున్నవు బిడ్డా? మల్ల అడ్మిషన్లు షురూ అయినయట గద. ఈ ఏడు మన దానికి ఎంత మంది పెట్టిండ్రు?"

నేను బల్ల మీదున్న పుస్తకం మూశాను.

"హలో? ఇనవస్తలేదా? మన గ్రూపుకు ఎంత మంది అంటున్న. పదిహేను అయిండ్రా?"

"తీసేసినం మేడం" అన్నాను.

అవతల పిల్లల అరుపులు అలాగే వినబడుతున్నాయి. తర్వాత ఎక్కడో గంట కొట్టారు.

"అట్లనా" అన్నారు మేడం. "సరే బిడ్డా. నాకు క్లాసున్నది, పోవాలె. అన్నం తిన్నవా?"

"తిన్న" అన్నాను. తినలేదు.