గంటకూ ఉపవాసమే

తుర్విహాళకు ఆవల, కాల్వ చివరనున్న మా వలస రైతుల క్యాంపులో పదవులు రెండే. ఒకటి తూము తెరిచే లస్కరుది. అది సర్కారు ఇచ్చింది. రెండోది క్రైస్తవుల గుడిగంట కొట్టే యలమందయ్యది, అది దేవుడిచ్చింది. జీతం మొదటిదానికే ఉండేది.

గుంటూరు నుంచి ఆ గంటను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది యలమందయ్యే. మూడు దెబ్బలు కొడితే ప్రార్థన. ఆపకుండా కొడితే కాల్వకు నీళ్లొచ్చినట్టు. అప్పుడు కులమతాలు మరిచి క్యాంపంతా పారలతో పరిగెత్తేది.

ఈస్టరుకు ముందటి తపస్సు కాలం నలభై రోజులూ ఆయన చుట్ట మానేసేవాడు. క్రీస్తు శ్రమల్లో ఆయన పాలుపంచుకుంటే, ఆయన శ్రమల్లో భార్య కుసుమ పాలుపంచుకునేది.

అరవై ఆరో సంవత్సరంలో ఆయన కౌలుకు చేసిన రెండెకరాల వరి పాలు పోసుకుంటోంది. ఒక్క తడి పడితే గింజ, లేకపోతే తాలు. గుడి గోడల మీది సిలువమార్గం పద్నాలుగు స్థలాల దగ్గరా మోకరించి ఆయన అడిగింది ఆ ఒక్క తడే.

పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం లస్కరు దేవప్ప గుడి ముందు సైకిల్ దిగాడు.

"యలమందన్నా, నీళ్లిడిసిన. రెండు తాసుల సేపే ఉంటయి. మల్ల ఈ సాలుకు బంద్. గంట కొట్టు."

"నిన్నటి నుంచి గంట మూగది దేవప్పా. ఆదివారం పొద్దుటిదాకా ముట్టకూడదు. ఫాదరు స్వామివారు మరీమరీ చెప్పిపోయారు."

"ఏంది, గంటకు గూడ ఉపాసమా?"

"ఈ వేళ ప్రభువు సిలువ మీదున్నాడయ్యా."

"ఉండనీ. నా తూము ఆగదు గద."

గంటతాడు చేతికందే ఎత్తులోనే వేలాడుతోంది. యలమందయ్య దానివంక చూశాడు. పొలం వైపు చూశాడు. చివరికి, ఆ మూడు రోజులూ గంటకు బదులు వాడే రెండు చెక్కలు తీసుకుని, వాయించుకుంటూ వీధులన్నీ తిరిగాడు. పొద్దుట్నుంచి తడి ఎరగని గొంతు. "నీళ్లు" అన్న మాట పక్క గుమ్మానికైనా చేరలేదు.

చెక్కల చప్పుడు విని క్రైస్తవులంతా ముసుగులేసుకుని గుళ్లోకొచ్చి మోకరించారు. మిగతావాళ్లు మర్యాదగా తలుపులేసుకున్నారు. మోకాళ్ల మీదివాళ్లను లేపి, పారలు తెప్పించేసరికి, అడ్డకట్ట వేసే దిక్కులేక నీళ్లన్నీ వాగులో కలిశాయి. దేవప్ప తూము మూసేశాడు.

"గంట మోగలేదుగా యలమందా," అన్నాడు పక్కపొలం రైతు కోటయ్య. "చెక్కలంటే మీ ప్రార్థనకనుకున్నాం."

"అవునండీ."

"గింజకన్నా పట్టింపే ఎక్కువైంది నీకు."

కుసుమ పారను తీసుకెళ్లి మళ్లీ మూలన పెట్టింది. అదే ఆయనకు ఎక్కువగా తగిలింది. తాను కాపాడింది దేవుడి మాటనా, తన పదవినా అని రెండు రోజులు ఆలోచించాడు. అడుగుదామంటే స్వామివారు నెలకోసారి వచ్చే మనిషి.

ఆదివారం తెల్లవారుతూనే పునరుత్థాన గంట కొట్టాలి. అది మూడు దెబ్బలతో పోయేది కాదు, ఆపకుండా కొట్టాలి. కొట్టాడు. ఏటా తెలిసిన సంగతే అయినా, నీళ్లు మళ్లీ వదిలారేమోనని కోటయ్యతో సహా సగం క్యాంపు పారలతో గట్టెక్కింది. ఎండిన కాల్వలోకి చూసి, ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

మధ్యాహ్నం కుసుమ చుట్ట, అగ్గిపెట్టె తెచ్చి పక్కన పెట్టింది.

"నలభై అయిపోయినయ్యిగా, కాల్చుకో."

ఆయన ముట్టుకోలేదు. లేచి, గేదెల్ని విప్పి, మేతకు రెండెకరాల వరిలోకి తోలాడు.